గాలం ఎప్పుడు వేయాలి? ముందు నీళ్లు చూడండి

(ఆదివారం సమావేశానికి రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినిపిస్తోందా? ఫ్యాన్ చప్పుడుకి వినపడకపోతే చెయ్యి ఎత్తండి, గొంతు పెంచుతాను.

నన్ను మాట్లాడమన్న విషయం, చేపలు బాగా పడే టైమ్ ఏది అని. ఈ ప్రశ్న ఫోన్లో తరచూ వస్తుంది. "అన్నా, ఆదివారం పోతున్నాం, పొద్దున మంచిదా, సాయంత్రం మంచిదా?" అంటారు. నేను తిరిగి అడుగుతాను. చెరువా, రిజర్వాయరా, నదా? నీళ్లు పచ్చగా ఉన్నాయా, తేటగా ఉన్నాయా? ఈ వారంలో మట్టం పెరిగిందా, తగ్గిందా? ఏ చేప కోసం పోతున్నావు? అవతల చప్పుడుండదు. టైమ్ చెప్పమంటే ఈయన పరీక్ష పెడుతున్నాడేంటి అనుకుంటారు. ఏం చేయమంటారు? ఇవి తెలియకుండా పొద్దున అని గానీ సాయంత్రం అని గానీ చెప్తే అది జోస్యం అవుతుంది. మన వేడి ప్రాంతాల్లో చేప గడియారం చూసి తినదు. నీళ్లని బట్టి తింటుంది. ఇవాళ నేను ఎంతసేపు మాట్లాడినా చివరికి ఈ మాట దగ్గరికే వస్తాను, ముందే చెప్పేస్తున్నా.

మనలో చాలామంది యూట్యూబ్ చూసి నేర్చుకున్నవాళ్లం. తప్పేం లేదు. కానీ ఆ వీడియోలు ఎక్కడివి? ఎక్కువ భాగం అమెరికావి, ఇంగ్లండ్‌వి. అక్కడ చలికాలంలో చెరువు మీద మంచు గడ్డ కడుతుంది. ఎండ వచ్చి నీళ్లు వెచ్చబడితే చేప ఆకలితో లేస్తుంది. అందుకే వాళ్లకి వసంతం, ఆకురాలు కాలం అంత ముఖ్యం. మనకో? నడి జనవరిలో కూడా మన చెరువు నీళ్లు 20 డిగ్రీలకి అటూఇటూగా ఉంటాయి. ఆ రోజుల్లో చేప కాస్త బద్ధకిస్తుంది, నిజమే. తెల్లారుజామున వణుక్కుంటూ వెళ్లి కూర్చోవడం దండగ. పది దాటి ఎండ తగిలాక వెళ్లండి, చాలు. చలికాలం గురించి నేను చెప్పేది ఇంతే. మన దగ్గర ఏడాదిని నడిపేది చలి కాదు, వాన. వాన పడ్డాక నీళ్లు పెరుగుతాయి, వాన వెళ్లాక తగ్గుతాయి. ఆ పెరగడం, తగ్గడమే మన సీజన్.

ఇది మన ఒక్కళ్ల సంగతి కాదు. బ్రెజిల్‌లో రియో నీగ్రో అని అమెజాన్‌లో కలిసే పెద్ద నది ఉంది. పీకాక్ బాస్ అనే వేటాడే చేప కోసం ప్రపంచం నలుమూలల నుంచి అక్కడికి వెళ్తారు. ఎప్పుడు వెళ్తారు? బార్సెలోస్ ఊరి చుట్టుపక్కల సెప్టెంబర్ నుంచి దాదాపు ఫిబ్రవరి, మార్చి దాకా. ఎందుకని? చలి అనా? భూమధ్యరేఖ పక్కన చలెక్కడిది! నీళ్లు తగ్గుతాయి కాబట్టి. ఆ నది మట్టం ఎంత మారుతుందో తెలుసా? దిగువన మనావుస్ ఓడరేవు దగ్గర 2021 జూన్‌లో కొలబద్ద 30 మీటర్లు దాటింది. 2024 అక్టోబర్‌లో అదే కొలబద్ద 13 మీటర్ల కిందకి దిగింది. అవి రికార్డులు అనుకోండి, మామూలు ఏడాదిలో కూడా పది మీటర్ల తేడా ఉంటుంది. నీళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు నది అడవిలోకి పోతుంది, చేప కూడా చెట్ల మధ్యకి పోతుంది. అంత అడవిలో దాన్ని ఎక్కడని వెతుకుతారు? నీళ్లు దిగాక చిన్న చేపలు దాక్కునే చోటు పోతుంది. అన్నీ కలిసి మడుగుల్లోకీ పాయల్లోకీ వచ్చి పడతాయి. పెద్ద చేప వాటి వెంటే వస్తుంది. అప్పుడు లూర్, అంటే నకిలీ ఎర, కనిపిస్తే వదలదు. అదే నదిలో తంబాకీ అని ఇంకో చేప ఉంది, చెట్ల నుంచి రాలే పళ్లూ గింజలూ తింటుంది. దానికి కడుపు నిండేది అడవి మునిగినప్పుడు. నది ఒకటే, ఒక చేపకి విందు, ఇంకో చేపకి పస్తు. అందుకే "ఏ చేప" అని అడుగుతాను.

ఇప్పుడు మన కృష్ణ సంగతి చూద్దాం. నాగార్జునసాగర్ నిండితే 590 అడుగులు, శ్రీశైలం 885 అడుగులు. ఇవి మీకు పేపర్లో రోజూ కనిపించే అంకెలే. మీరు గేట్లు ఎత్తారా లేదా అని చూస్తారు, నేను మట్టం నిన్నటికంటే ఎంత మారిందని చూస్తాను. జులై, ఆగస్టుల్లో పైనుంచి, అంటే కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వరద వస్తుంది. నీళ్లు ఎర్రగా ఉంటాయి. కొత్తగా మునిగిన గడ్డిలో, తుప్పల్లో పురుగూ పుట్రా చేపకి కావలసినంత. ఎక్కడ చూసినా తిండే. అలాంటప్పుడు మీ పిండి ముద్దని అది ప్రత్యేకంగా వెతుక్కుంటూ వస్తుందా? రాదు. పైగా ఆ బురదలో మీరు లూర్ వేస్తే దానికి కనపడదు. ఆ రోజుల్లో వాసనే పని చేస్తుంది. తవుడు, పల్లీ చెక్క, ఎర్రలు. వాలుగలాంటి చేపకైతే ఆ మసక నీళ్లే ఇష్టం, రాత్రిళ్లు ఒడ్డు దాకా వచ్చి వేటాడుతుంది. అది మీసాలతో తడుముకుంటూ పోయే జాతి, దానికి చూపుతో పెద్దగా పని లేదు.

నవంబర్ దాటాక నీళ్లు తేటపడతాయి. సాగుకి వదిలే కొద్దీ మట్టం దిగుతుంది. గడ్డి బయటపడి ఎండుతుంది, చేప పాత నది గర్భం వైపు జరుగుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ సగం దాకా, నా లెక్కలో రిజర్వాయర్లకి అసలైన కాలం ఇదే. కానీ ఒక మెలిక ఉంది. కాలవలకి ఒక్కసారిగా ఎక్కువ నీళ్లు వదిలి మట్టం గబగబా పడిపోతుంటే ఒడ్డు చేప భయపడి లోతుకి పోతుంది. నెమ్మదిగా దిగుతుంటేనో, మూడు నాలుగు రోజులు నిలకడగా ఉంటేనో మళ్లీ ఒడ్డుకి వస్తుంది. మీరు వెళ్లే ముందు నాలుగు రోజుల మట్టాలు పక్కపక్కన రాసుకోండి. చేప పడే టైమ్ చెప్పే మూడొందల రూపాయల యాప్ కంటే అదే మేలు.

మరి కొత్త నీరు? ముందు వరసలో పెద్దాయన నవ్వుతున్నారు, ఆయనకి తెలుసు. పల్లెలో పుట్టినవాళ్లెవరికైనా తెలుసు. మృగశిర కార్తెలో వాన దిగితే వాగు వచ్చి చెరువులో పడుతుంది. చేప ఆ ప్రవాహానికి ఎదురెక్కుతుంది. చెరువు నిండి మత్తడి దూకితే ఊరంతా అక్కడే ఉంటుంది. కోస్తా వాళ్లు అలుగు పారుతోంది అంటారు. గాలం వేసేవాడికి ఆ వాగు మూతి దగ్గర, ఎర్ర నీళ్లూ పాత నీళ్లూ కలిసే గీత మీద, మంచి వేట దొరుకుతుంది. వానకి కొట్టుకొచ్చిన ఎర్రలూ పురుగులూ అక్కడే పడతాయి. కానీ ఇది ఊరి చెరువు మాట. పట్నం చెరువు దగ్గర ఇదే సూత్రం పట్టుకుని వెళ్లకండి. ఇక్కడ మొదటి వానకి వచ్చేది కొత్త నీరు కాదు, ఏడాదంతా కాలవల్లో పేరుకున్న మురికి. అది కుళ్లుతూ నీళ్లలో ఉన్న ఆక్సిజన్ అంతా లాగేస్తుంది. తొలకరిలో నగరం చెరువుల్లో చేపలు తెల్లారేసరికి చచ్చి తేలాయి అని వార్తలు చదువుతాం కదా, చాలాసార్లు కారణం ఇదే. ఒకే వాన, ఒకే రోజు. ఒక చోట పండగ, ఇంకో చోట చావు.

ఆక్సిజన్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను. మనవాళ్లు దీన్ని అసలు పట్టించుకోరు.

20 డిగ్రీల నీళ్లలో, లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. అదే 30 డిగ్రీలైతే ఏడున్నర. అంటే నీళ్లు వేడెక్కే కొద్దీ గాలి తక్కువ పడుతుంది. చేప అవసరం తగ్గుతుందా? లేదు, పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాని ఒంట్లో ఖర్చు దాదాపు రెట్టింపు అవుతుంది. జీతం తగ్గి, ఇంటి అద్దె పెరిగినట్టు. అలాంటప్పుడు చేప ఏం చేస్తుంది? కదలడం మానేస్తుంది, తినడం మానేస్తుంది. తిన్నది అరిగించుకోడానికి కూడా ఆక్సిజన్ కావాలి మరి.

సరే, ఇప్పుడు అందరూ చెప్పే మాట తీసుకుందాం. తెల్లారుజామున చేప బాగా పడుతుంది. అవునా? తేట నీళ్ల రిజర్వాయర్లో అవును. పారే నదిలో అవును. నీళ్లు పచ్చగా, చిక్కగా ఉన్న చెరువులో? అక్కడే దెబ్బ తింటారు. ఆ పచ్చదనం ఏంటి? నాచు, కంటికి కనపడనంత సన్నటి నాచు. అది పగలు ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి? తయారీ బంద్. రాత్రంతా ఆ నాచు, చేపలు, అడుగున బురద, అన్నీ కలిసి ఉన్నది వాడుకుంటాయి. మరి ఖాతాలో అన్నిటికంటే తక్కువ ఉండేది ఎప్పుడు? సరిగ్గా తెల్లవారే ముందు. మీరు థర్మాస్‌లో టీ పట్టుకుని ఉత్సాహంగా కూర్చునే టైమ్‌కి చేపకి ఊపిరి ఆడదు. చూసే ఉంటారు, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. "అబ్బా, చెరువు నిండా చేపే" అని సంబరపడతాం. అవి మేతకి రాలేదు నాయనా, గాలికి వచ్చాయి. అలాంటి చెరువులో ఎండ వచ్చి రెండు గంటలు గడవనివ్వండి. ఎనిమిదిన్నర, తొమ్మిది నుంచి చూడండి. లేదంటే మధ్యాహ్నం నాలుగు తర్వాత వెళ్లండి. పగలంతా తయారైన ఆక్సిజన్ ఉంటుంది, ఎండ తీవ్రత తగ్గుతుంది.

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల రైతులకి ఇది ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మబ్బు పట్టిందంటే మేత తగ్గిస్తారు. మబ్బుంటే నాచు పని చేయదు, ఆక్సిజన్ తగ్గుతుంది, చేప తినదు, వేసిన మేత అడుగున కుళ్లుతుంది. డబ్బు పెట్టి మేత కొనే రైతు మేత ఆపాడంటే చేప తినదనే కదా అర్థం? మరి మనం "మబ్బుగా ఉంది, మంచి వాతావరణం" అని బ్యాగ్ సర్దుకుంటాం! మబ్బు మనకి చల్లన, అంతే. ఒక్క పూట మబ్బు, తేట నీళ్లు, బాగుంటుంది, నేనూ ఒప్పుకుంటా. వెలుగు తగ్గితే చేప ధైర్యంగా పైకి వస్తుంది. మూడు రోజుల ముసురు, పచ్చ చెరువు అయితే మాత్రం ఇంట్లో ఉండి రీల్‌కి నూనె వేసుకోండి.

వేసవిలో ఇంకో సంగతి. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అంటారు. రోళ్ల సంగతేమో గానీ, లోతైన నీళ్లు అప్పుడు పొరలుగా విడిపోతాయి. పైన వేడి నీళ్లు, కింద కాస్త చల్లటి నీళ్లు, రెండూ కలవవు. రెండు మూడు డిగ్రీల తేడాకే అలా అవుతుందా అని మీకు అనుమానం రావచ్చు. అవుతుంది. 29 డిగ్రీల నీటికీ 30 డిగ్రీల నీటికీ మధ్య ఉండే బరువు తేడా, 5కీ 6కీ మధ్య ఉండే తేడాకి పది రెట్ల పైమాటే. వేడి దేశంలో చిన్న తేడా చాలు. కింది పొరకి గాలి అందదు, ఆక్సిజన్ అయిపోతుంది. చాలామంది ఏం చేస్తారు? "ఎండగా ఉంది, చేప చల్లటి అడుగుకి పోయి ఉంటుంది" అని పెద్ద సీసం గుండు కట్టి లోతులోకి దింపుతారు. కింద ఊపిరాడని చోట ఎర పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంటారు. బెండు కట్టి పైపొరలో వేయండి. బొచ్చె అసలే పైన తిరిగే చేప.

ఇక్కడే గాలి సాయం చేస్తుంది. వేసవి సాయంత్రం గాలి వీస్తుంటే మనకి గాలి వీపుకి తగిలే ఒడ్డు హాయి, విసరడం తేలిక. కానీ అలలు వెళ్లి కొట్టుకునే ఒడ్డు చూడండి. అక్కడ నీళ్లు గాలిని కలుపుకుంటాయి, తేలే తిండి అంతా అక్కడికే చేరుతుంది. గాలికి ఎదురుగా విసరడం కష్టమే, లైను చిక్కులు పడుతుంది, తిట్టుకుంటాం. అయినా వెళ్లండి.

ఇప్పటిదాకా చెప్పింది ఒక్క చేపకి మాత్రం వర్తించదు. ఎవరు చెప్తారు? ... అదే, కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప, మన కుర్రాళ్ల ప్రాణం. దానికి నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే టెన్షన్ లేదు, పైకి వచ్చి నేరుగా గాలి మింగుతుంది. అందుకే మిగతా చేపలు మూతి కట్టుకున్న రోజున కూడా కొర్రమీను పడుతుంది. ఎండ ఎక్కాక తామరాకుల కింద, గుర్రపుడెక్క అంచున నీడలో ఉంటుంది. ఆకుల మధ్య ఖాళీలో గుటక వేసినట్టు చిన్న కదలిక కనపడితే రబ్బరు కప్పని దానికి కొంచెం అవతలగా వేసి, ఆకు మీద నుంచి మెల్లగా జార్చండి. గాలి లేని, నీళ్లు అద్దంలా ఉన్న రోజు దీనికి మేలు. చూశారా, బొచ్చెకి గాలి ఉన్న ఒడ్డు కావాలన్నాను, దీనికి గాలి లేని మూల కావాలంటున్నాను.

ఒక మాట గట్టిగా చెప్పాలి. వానలు మొదలయ్యాక నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు బుడబుడలాడుతూ తిరుగుతుంది. దాని కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ గుంపులో కప్ప వేస్తే తప్పకుండా కొడుతుంది, ఆకలికి కాదు, పిల్లల కోసం. ఆ ఒక్క చేపని తీస్తే గంటలో ఆ పిల్లలన్నీ జెల్లలకీ కొంగలకీ పోతాయి. "చాలా సులువన్నా, వేసిన ప్రతిసారీ కొడుతుంది" అని వీడియో పెడుతున్నారు కొందరు. దయచేసి మానండి. నాకు ఆ వీడియోలు పంపకండి కూడా.

చంద్రుడి సంగతి అడుగుతారు, పౌర్ణమి, అమావాస్య అని. ఉప్పుటేరులో, గోదావరి సముద్రంలో కలిసే చోట, యానాం వైపు, పండుగప్ప కోసం వెళ్తే ఆటుపోట్లు చూడాలి, కాబట్టి చంద్రుడినీ చూడాలి. మన చెరువులో పోటు లేదు, పాటు లేదు. వెన్నెల ఉంటే రాత్రి వెలుగు ఉంటుంది, అంతవరకే. గాలి పీడనం అంటారు ఇంకొందరు. తుఫాను ముందు బారోమీటర్ పడిపోతే చేప పిచ్చిగా తింటుందట. 20 మిల్లీబార్లు పడిపోవడం అంటే పెద్ద మార్పు. నీళ్లలో అది ఎంత? 20 సెంటీమీటర్ల లోతు. చేప జానెడు పైకి వస్తే అదే మార్పు. రోజుకి వందసార్లు అలా వచ్చిపోయే చేప దానికి కంగారు పడుతుందంటే నాకు నమ్మకం కుదరదు. తుఫానుతో పాటు వచ్చే గాలి, మబ్బు, వాన, అవి పని చేస్తాయేమో.

పులస మాట ఎవరో అంటున్నారు అక్కడ. "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అన్నారు, గాలానికి పట్టాలి అనలేదు! వరద గోదావరిలో గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వచ్చే చేప అది, ఆ ప్రయాణంలో తిండి మీద ధ్యాస ఉండదు. వల చేప. ధవళేశ్వరం వెళ్లి కొనుక్కోండి, ఆరోగ్యం.

మహసీర్ గురించి చెప్పకుండా దిగితే ఊరుకోరు కాబట్టి చెప్తాను. కావేరి మూపురం మహసీర్, ఈ దేశంలో గాలానికి పడిన అతి పెద్ద మంచినీటి చేపల్లో ఒకటి. 1946 మార్చిలో మైసూరు వాన్ ఇంగెన్ కుటుంబంలోని ఒకాయన కావేరి ఉపనది కబినిలో 120 పౌండ్ల చేపని పట్టాడు, అంటే సుమారు 54 కిలోలు. మార్చి, గమనించారా? నది సన్నబడి, తేటపడి, చేప లోతు మడుగుల్లోకి చేరే నెల. రాళ్ల మీద దూకే నీళ్ల పక్కనే ఉంటుంది, అక్కడ ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి. అంటే మళ్లీ అదే కథ. కానీ ఇప్పుడు ఆ చేప అంతరించే అంచున ఉంది, 2018లో ప్రమాదంలో ఉన్న జాతుల అంతర్జాతీయ ఎర్ర జాబితాలో 'తీవ్రంగా అంతరించే ప్రమాదం' అనే మెట్టు మీద పెట్టారు. కావేరి అభయారణ్యంలో గాలం వేట ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఎవరైనా ప్యాకేజీ అని పిలిస్తే వెళ్లకండి.

అనుమతుల సంగతి కూడా అదే ఊపులో చెప్పేస్తా. ఊరి చెరువు ఎవరిది? మత్స్య సహకార సంఘానిది, అందులో పిల్లని పెంచుకుంటున్నది వాళ్లు. ముందు వెళ్లి అడగండి. టీ తాగించండి. ఎక్కడ లోతు, ఎప్పుడు కదలిక, వాళ్లకి తెలిసినంత మనకి ఎవరికీ తెలియదు. శ్రీశైలం, సాగర్ వెనక నీళ్లలో పులుల అభయారణ్యం పరిధి ఉంది, అక్కడ వద్దు. మంజీరా అభయారణ్యంలో వద్దు, పైగా మొసళ్లున్నాయి.

పట్టి వదిలే అలవాటున్నవాళ్లకి ఒక మాట. 2023లో అమెజాన్‌లో తెఫె సరస్సు నీళ్లు 39 డిగ్రీలు దాటాయి, వందకు పైగా నది డాల్ఫిన్లు చచ్చిపోయాయి. వేడి నీళ్లు ఎంత పని చేస్తాయో చూడండి. మే నెల మధ్యాహ్నం పది నిమిషాలు పోరాడించి, ఇంకో ఐదు నిమిషాలు ఫొటోలు దిగి, "వదిలేశా" అంటే అది వదలడం కాదు. కాసేపటికి చచ్చి తేలుతుంది. నీళ్లు 32 దాటితే నేను వదిలే వేట పెట్టుకోను. వంద, రెండొందలకి థర్మామీటర్ దొరుకుతుంది, దారం కట్టి ముంచి చూడండి. పైన ఒకసారి, మీటరు లోతులో ఒకసారి.

చివరిది, ప్రాణానికి సంబంధించింది. ఏప్రిల్, మే సాయంత్రాలు ఉరుములతో వాన వస్తుంది. మన చేతిలో రాడ్ ఏంటి? కార్బన్. కరెంటు పారుతుంది. ఖాళీ చెరువు గట్టు మీద అందరికంటే ఎత్తుగా కార్బన్ కర్ర పట్టుకుని నిలబడేది మనమే. మొదటి ఉరుము వినపడగానే రాడ్ కింద పెట్టి కార్లోకి వెళ్లండి, చేప కొడుతున్నా సరే. చెట్టు కిందకి కాదు, కార్లోకి. డ్యామ్ దిగువన అయితే సైరన్ మోగిందా బయటికి. ఎండ కాస్తుంటే వరదెక్కడిది అనుకోకండి, కరెంటు కోసం నీళ్లు వదిలితే వాన లేకుండానే మట్టం లేస్తుంది. దిగే ముందే పైకి వచ్చే దారి చూసుకోండి.

ప్రశ్నలు అడగండి ఇక. ముందు ఆ కిటికీ పక్కన బాబు, మబ్బు మాట చెప్పినప్పటి నుంచి చెయ్యి ఎత్తే ఉంచాడు.